కుటుంబ సలహాలు: బండి కంటే ముందు కొనవలసినవి

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. వయస్సు 20. ఆసుపత్రి మా ఇంటికి 9 కిలోమీటర్ల దూరం. రాత్రి డ్యూటీ ముగిసిన రోజుల్లో ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం చూడలేక, బండి నేర్చుకోవడానికి మావారు ఒప్పుకున్నారు. స్త్రీలకు స్త్రీలే నేర్పే పది రోజుల శిక్షణలో వచ్చే నెల చేరుతోంది. మొదట స్కూటీ, తర్వాత గేర్ల బండి నేర్పుతారట. హెల్మెట్ ఒక్కటి చాలునని మావారు అంటున్నారు. మైదానంలో నేర్చుకునేదానికి అది కూడా ఎందుకు, లైసెన్సు వచ్చాక కొందామని మా అబ్బాయి అంటున్నాడు. బట్టలు కుట్టి కూడబెట్టిన 8,000 రూపాయలు నా దగ్గర ఉన్నాయి. బుర్ఖాతో బండి నడపడం ఎలా? ఏవి కొనాలి, ఏవి మానాలి, ఏది ముందు, ఏది వెనుక? దయచేసి తెలుపగలరు.
- ఒక సోదరి, కర్నూలు

జవాబు: సోదరీ! మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట చివరిది: ఏది ముందు, ఏది వెనుక. మన ఇళ్ళలో సాధారణంగా బండి ముందు వస్తుంది. ఆ తర్వాత సీటు కవరు, నంబరు ప్లేటు మీద పేరు, హ్యాండిల్‌కు రంగుల తొడుగులు వస్తాయి. అన్నీ అయ్యాక డబ్బు మిగిలితే రోడ్డు పక్కన రెండు మూడు వందలకు దొరికే టోపీ లాంటి హెల్మెట్ ఒకటి వస్తుంది. లక్ష రూపాయల బండి మీద కూర్చునే తలకు రెండు వందల రూపాయల విలువ కడుతున్నామన్న ఆలోచన మనకు తట్టదు. మీరు బండి కంటే ముందు బిడ్డను గురించి ఆలోచించారు. అల్లాహ్ మీకు మేలు చేయుగాక.

వస్తువుల క్రమం నిర్ణయించడానికి ఒక సులువైన కొలబద్ద ఉంది. ఏ గాయం మానుతుంది, ఏది మానదు? చర్మం చీరుకుపోతే మానుతుంది. విరిగిన ఎముక నెలల మీద అతుకుతుంది. మెదడుకు తగిలిన దెబ్బ మానుతుందన్న హామీ ఏ వైద్యుడూ ఇవ్వలేడు. కనుక మొదటి రూపాయి తలకు చేరాలి. ఆ తర్వాత, కొత్తగా నేర్చుకునేవారు పడినప్పుడు ముందుగా నేలకు తగిలే అవయవాలకు, అంటే చేతులు, పాదాలు, మోకాళ్ళకు. చూపులకు గొప్పగా ఉండే జాకెట్ ఆ తర్వాతే.

మైదానంలో కూడా ఎందుకు?

మీ అబ్బాయి మాటకు ముందు సమాధానం చెబుతాను. నేర్చుకునేవారు వేగంగా వెళ్ళి పడరు. హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టి పడతారు. ఆగబోయే క్షణంలో కాలు నేలకు అందక బండితో పాటు పక్కకు ఒరిగిపోతారు. భయపడి పిడికిలి బిగించినప్పుడు యాక్సిలరేటర్ తిరిగిపోయి బండి ముందుకు దూకుతుంది. ఇవన్నీ నడక వేగంలో జరిగేవే. అయినా అపాయం లేదని అనుకోరాదు.

ఒక చిన్న లెక్క చూడండి. నిలబడిన మనిషి తల నేల నుండి సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుండి ఏ వస్తువు పడినా నేలను తాకే సమయానికి దాని వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు అవుతుంది. అంటే బండి అసలు కదలకుండా నిలబడి ఉన్నా, పక్కకు పడిన మనిషి తల దాదాపు ఆ వేగంతోనే నేలకు తగలవచ్చు. నేల మైదానానిదా, జాతీయ రహదారిదా అన్నది తలకు తెలియదు. పైగా మనం మైదానం అని పిలిచేది చాలాచోట్ల సిమెంటు గచ్చు, లేదా కంకర తేలిన రోడ్డు.

రెండవ కారణం అలవాటు. హెల్మెట్ పెట్టుకుంటే చూపు, వినికిడి కొంత మారతాయి. గ్లౌజు తొడిగితే బ్రేకు చేతికి తగిలే తీరు మారుతుంది. బూటు వేసుకుంటే గేరు కాలికి తెలిసే తీరు మారుతుంది. ఇవేవీ లేకుండా పది రోజులు నేర్చుకుని, పదకొండవ రోజున నిండు ట్రాఫిక్‌లో వీటిని మొదటిసారి ధరిస్తే, వచ్చిన విద్య కొంత పోయినట్లే. ఏ వేషంలో జీవితమంతా నడపాలో ఆ వేషంలోనే నేర్చుకోవాలి.

అమెరికాలో మోటార్ సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ కొత్తవారికి నేర్పే ప్రాథమిక తరగతి ఉంది. ఆ తరగతిలో బండి ఎక్కడానికి కావలసినవి ఇవి: హెల్మెట్, కంటికి రక్షణ, వేళ్ళన్నీ కప్పే గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, మందపాటి పొడుగు ప్యాంటు, చీలమండను కప్పే గట్టి బూట్లు. అక్కడ కూడా శిక్షణ మైదానంలోనే జరుగుతుంది. ఈ జాబితాలో సగం వస్తువులు ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఒంటిని కప్పడం అక్కడ అసలు సూత్రం, ఖరీదు కాదు.

మన చట్టం కూడా స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారు, వెనుక కూర్చునేవారు ఇద్దరూ ప్రమాణాలకు తగిన హెల్మెట్ ధరించాలి. 2019 సవరణ తర్వాత దీనికి 1,000 రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. తలపాగా ధరించిన సిక్కులకు మాత్రమే ఇందులో మినహాయింపు ఉంది. నమాజు టోపీ పెట్టుకుని మసీదుకు వెళ్ళే కుర్రవాళ్ళు కొందరు తమకూ ఆ వెసులుబాటు ఉందని అనుకుంటారు. లేదు. జుమా నమాజుకైనా, తరావీహ్‌కైనా, మసీదు రెండు వీధుల అవతలే ఉన్నా, టోపీ జేబులో, హెల్మెట్ తల మీద ఉండాలి.

"రాసి ఉన్నది జరగక మానదు" అనే పెద్దలు కూడా మీ ఇంట్లో ఉండవచ్చు. వారితో వాదించనవసరం లేదు. ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత దైవం మీద భారం వేయమన్న దైవప్రవక్త (స) బోధ వారికీ తెలిసినదే. ప్రాణం మన సొంత ఆస్తి కాదు, మన దగ్గర ఉంచిన అమానత్. అప్పగింతను కాపాడటం కూడా విశ్వాసంలో భాగమే.

హెల్మెట్: ధర కాదు, కొలత

హెల్మెట్ పైభాగం గట్టి ప్లాస్టిక్‌తో గాని ఫైబర్‌తో గాని తయారవుతుంది. అయితే ప్రాణాన్ని కాపాడేది దాని క్రింద ఉండే థర్మాకోల్ లాంటి పొర. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగిపోతూ దెబ్బలోని శక్తిని తాను తీసుకుంటుంది. తల ఒక్కసారిగా ఆగకుండా, కొంచెం ఆలస్యంగా ఆగుతుంది. ఆ కొంచెంలోనే మెదడు బతుకుతుంది. ఒకసారి నలిగిన పొర మళ్ళీ లేవదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పక్కన పెట్టాలి. ఎవరో వాడి ఇచ్చినదాన్ని తీసుకోరాదు. మీ అబ్బాయి పాతది సర్దుబాటు చేద్దామనుకోవద్దు. దానికి ఎన్ని దెబ్బలు తగిలాయో తెలియదు, కొలత కూడా వేరు.

2021 జూన్ 1 నుండి మన దేశంలో ద్విచక్ర వాహనదారులకు అమ్మే ప్రతి హెల్మెట్‌కు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. ఉత్తి గుర్తు చూసి ఊరుకోకండి. గుర్తు పైన ఐ.ఎస్. 4151 అన్న ప్రమాణం సంఖ్య, క్రింద సి.ఎం./ఎల్. అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు వివరాలు కనిపిస్తాయి. దుకాణంలో నిలబడే ఈ పని చేయవచ్చు. తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి.

ముఖమంతా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్ మాత్రమే తీసుకోండి. సగం హెల్మెట్ గడ్డాన్ని, దవడను, పళ్ళను వదిలేస్తుంది. ముందుకు పడిన మనిషికి తగిలేది అక్కడే.

ఇక కొలత. కుట్టుపని చేసేవారు కనుక మీ దగ్గర టేపు ఉంటుంది. కనుబొమలకు కొంచెం పైగా, తల వెనుక ఉబ్బెత్తు భాగం మీదుగా చుట్టి సెంటీమీటర్లలో రాసుకోండి. అమ్మాయి హిజాబ్ క్రింద వేసుకునే పల్చని టోపీతోనే కొలవండి, ఎందుకంటే రేపు దానితోనే హెల్మెట్ పెట్టుకుంటుంది. దుకాణంలో ఈ నాలుగు పరీక్షలు చేయండి:

1. పెట్టుకున్నప్పుడు బుగ్గలు రెండూ మెత్తగా నొక్కుకోవాలి. కొత్త హెల్మెట్ కొంచెం బిగువుగానే ఉండాలి, వాడగా మెత్తలు సర్దుకుంటాయి.
2. తలను అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ తలతో పాటు కదలాలి, తల మీద జారకూడదు.
3. పట్టీ బిగించాక వెనుక అంచు పట్టుకుని ముందుకు ఎత్తితే ఊడి రాకూడదు. పట్టీకి, గడ్డానికి మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందే ఉండాలి.
4. పదిహేను, ఇరవై నిమిషాలు అలాగే ఉంచండి. నుదుటి మీద ఒకే చోట నొప్పి పుడితే ఆ ఆకారం ఆ తలకు పడదు. వేరే కంపెనీది చూడండి.

దుకాణదారు తొందర పెడితే వేరే దుకాణానికి వెళ్ళండి. పట్టీ బిగించని హెల్మెట్, హెల్మెట్ లేకపోవడం ఒకటే అన్న మాట అమ్మాయికి మొదటి రోజే చెప్పండి. అద్దానికి, అంటే వైజర్‌కు, నల్లరంగుది వద్దు. ఆమె రాత్రి డ్యూటీల మనిషి. తెల్లని వైజర్ అయితే కంటికి దుమ్ము, పురుగుల నుండి రక్షణ కూడా అదే. ఇంటికి వచ్చాక హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించే అలవాటు చేసుకోవద్దు, ఆ కమ్మీ లోపలి థర్మాకోల్‌ను గుచ్చి గుంట చేస్తుంది. పెట్రోలుతో తుడవద్దు, ప్లాస్టిక్ బలహీనపడుతుంది. సబ్బు నీరు చాలు.

చేతులు, పాదాలు, మోకాళ్ళు

పడే మనిషి ఆలోచించకుండానే అరచేతులు చాచుతాడు. అందుకే కొత్తవారి మొదటి గాయం అరచేతికే. నర్సుకు అరచేయి ఎంత అవసరమో నేను చెప్పనక్కర లేదు. గ్లౌజులు వేళ్ళన్నిటినీ కప్పాలి. అరచేతి అడుగున రెండు పొరల తోలు గాని, గట్టి పలక గాని ఉండాలి. మణికట్టు దగ్గర పట్టీ ఉండాలి. పట్టీ బిగించాక వేళ్ళ కొసలు పట్టుకుని లాగి చూడండి, ఊడి వస్తే పడినప్పుడు కూడా ఊడిపోతుంది. పిడికిలి సులువుగా మూయగలగాలి. మరీ మందంగా ఉంటే బ్రేకు, క్లచ్ తెలియవు. చలికి వేసుకునే ఉన్ని గ్లౌజులు ఈ పనికి రావు.

పాదాల విషయంలో మనవాళ్ళ అశ్రద్ధ ఎక్కువ. చెప్పులతో బండి నడపడం మనకు వింతగా తోచదు. కాని ఒరిగిన బండి బరువు నూరు కిలోల పైమాట, దాని క్రింద మొదట చిక్కేది చీలమండ. ఆస్ట్రేలియాలో ప్రమాదాలకు గురైన 212 మంది మోటార్ సైకిల్ చోదకులను పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. పరుగు బూట్ల వంటి మామూలు షూలతో పోలిస్తే, బండి కోసం ప్రత్యేకంగా చేయనివైనా సరే, చీలమండ కప్పే బూట్లు గాయం అవకాశాన్ని సుమారు సగానికి తగ్గించాయని అందులో తేలింది. గ్లౌజులు ధరించినవారు ఆసుపత్రిలో చేరవలసి రావడం కూడా బాగా తగ్గింది. కనుక ఖరీదైన రైడింగ్ బూట్లే కావాలని లేదు. చీలమండ మీదికి వచ్చే తోలు బూట్లు, జారని అడుగు, కొద్దిపాటి మడమ ఉంటే చాలు. కర్మాగారాల్లో వేసుకునే సేఫ్టీ షూస్ కూడా పనికి వస్తాయి. అయితే వాటి ముందుభాగం లావుగా ఉంటుంది కనుక గేరు క్రింద కాలు దూరుతుందో లేదో శిక్షణ బండి మీద ఒకసారి చూసుకోవాలి. లేసులు ముడి వేశాక కొసలను బూటు లోపలికి దోపాలి.

మోకాళ్ళకు, మోచేతులకు గార్డులు దొరుకుతాయి. పైన గట్టి చిప్ప, లోపల మెత్త, పైనొకటి క్రిందొకటి పట్టీలు ఉన్నవి ఎంచుకోండి. సి.ఇ. గుర్తుతో పాటు ఇ.ఎన్. 1621-1 అన్న సంఖ్య ఉంటే అది కాళ్ళు, చేతుల రక్షణకు ఐరోపా ప్రమాణం ప్రకారం పరీక్షించినదని అర్థం. పిల్లలు స్కేటింగ్‌కు వాడే పల్చని గార్డులు వద్దు. నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని మోకాలు మడిచి చూడండి, చిప్ప మోకాలి మీదే ఉండాలి, పక్కకు జారకూడదు.

బుర్ఖా, హిజాబ్ సంగతి

మీరు అడగడానికి కొంచెం సంకోచించిన ప్రశ్న ఇదేనని నాకు తోచింది. సంకోచం అక్కర లేదు. బండి మీద రక్షణకు, హయాకు విరోధం లేదు. రక్షణ కోరేది కూడా పొడుగు చేతులు, పొడుగు కాళ్ళు, మందపాటి బట్ట, కప్పిన మెడనే. విరోధం వ్రేలాడే బట్టతో మాత్రమే.

వ్రేలాడే చున్నీ కొసలు, బుర్ఖా అంచు వెనుక చక్రంలోకో గొలుసులోకో పోతే, బట్ట చుట్టుకున్న మనిషిని చక్రం వెనక్కి ఈడుస్తుంది. మెడకు చుట్టిన చున్నీ అయితే ప్రాణానికే ముప్పు. ఈ ప్రమాదం ఎరిగే మన దేశపు మోటారు వాహన నియమాల్లో ఒకటి, వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని కనీసం సగం వరకు కప్పే కవచం బండికి ఉండాలని చెబుతోంది. దానినే మనం శారీ గార్డు అంటాము. అందం కోసం దాన్ని పీకించేవారున్నారు. మీరు బండి కొన్నప్పుడు దాన్ని ఎంతమాత్రం తీయించవద్దు.

దుస్తులు ఇలా అమర్చుకోవచ్చు. కాలి మడమల దాకా ఉండే బుర్ఖాకు బదులు మోకాళ్ళ దాకా వచ్చే వదులైన కోటు. దాని క్రింద వదులుగా ఉండి చీలమండ దగ్గర బిగించే మందపాటి ప్యాంటు. మోకాలి గార్డులు ఆ ప్యాంటు లోపల, లెగ్గింగ్స్ మీద వేసుకుంటే బయటికి కనబడవు. మోచేతి గార్డులు కోటు లోపల ఉంటాయి. ఆసుపత్రికి చేరాక పైన బుర్ఖా వేసుకోవచ్చు.

బట్టను గురించి ఒక్క మాట. నిదా వంటి బుర్ఖా బట్టలు ఎక్కువగా పాలిస్టర్‌వే. రోడ్డు మీద రాసుకున్నప్పుడు పుట్టే వేడికి అవి కరిగి గాయానికి అంటుకునే ప్రమాదముంది. అందుకని నూలు గాని, జీన్స్ బట్ట గాని వాడండి. కుట్టుపని మీ చేతిలోనే ఉంది. చేతుల కొసలు బిగువుగా, ముందు బొత్తాలు మూసి ఉండేలా, కూర్చున్నప్పుడు అంచు సీటు దాటి వ్రేలాడకుండా ఒక కోటు మీరే కుట్టగలరు. వెనుక, చేతుల మీద వెలుతురు పడితే మెరిసే రిఫ్లెక్టర్ టేపు కుట్టండి. రాత్రి వేళ నల్లని కోటులో వెళ్ళే మనిషిని లారీ డ్రైవరు చూడగలగడానికి ఆ టేపు ఎంతో సాయపడుతుంది.

హిజాబ్ కోసం తల మీద ఒకే పొర పల్చని నూలు టోపీ, మెడ చుట్టూ కొసలు లేని గొట్టం లాంటి తొడుగు చాలు. సూదులు, పిన్నులు ఒక్కటి కూడా వద్దు. దెబ్బ తగిలితే అవి తలలో దిగుతాయి. జుట్టును తల మీద కొప్పు వేయకూడదు, హెల్మెట్ సరిగా కూర్చోదు. క్రిందుగా, మెడ దగ్గర జడ వేసి కోటు లోపలికి దోపాలి. నఖాబ్ అలవాటున్న సోదరీమణులు గమనించవలసింది, ఫుల్‌ఫేస్ హెల్మెట్ ముఖంలో ఎక్కువ భాగాన్ని తానే కప్పుతుంది. లోపల మరో వదులైన పొర ఉంటే అది కంటి మీదికి జారడం, ఊపిరికి అద్దం మసకబారడం జరుగుతాయి. పక్క చూపు తగ్గడం అన్నిటికంటే ప్రమాదం. ముఖానికి అంటుకుని ఉండే పల్చని నూలు తొడుగు అయితే ఆ ఇబ్బంది తక్కువ.

8,000 రూపాయల లెక్క

ధరలు ఊరిని, దుకాణాన్ని బట్టి మారతాయి. ఉజ్జాయింపుగా ఇలా వేసుకోండి. ఫుల్‌ఫేస్ హెల్మెట్‌కు 2,000. గ్లౌజులకు 1,000. చీలమండ బూట్లకు 1,500. మోకాలి, మోచేతి గార్డులకు 1,500. మొత్తం 6,000. కోటు బట్ట ఇంట్లో లేకుంటే ఈ అంకెల్లోనే కాస్త అటూ ఇటూ సర్దవచ్చు.

మిగిలిన 2,000తో జాకెట్ కొనవచ్చునా అని మీకు తోచవచ్చు. వద్దు. మోచేతులకు, భుజాలకు, వీపుకు నిజమైన రక్షక పలకలు ఉన్న జాకెట్ సాధారణంగా ఆ ధరకు రాదు. ఆ ధరలో దొరికేది పేరుకు జాకెట్, లోపల ఉత్త స్పాంజి. నేను పైన చెప్పిన అధ్యయనంలోనే ప్రమాద సమయంలో నాలుగింట ఒక వంతుకు పైగా జాకెట్లు చినిగిపోయాయి. పది రోజుల శిక్షణకు మీరు కుట్టిన కోటు, లోపలి గార్డులు చాలు. ఉద్యోగం వచ్చి రోజూ 9 కిలోమీటర్లు తిరగడం మొదలయ్యాక, మొదటి జీతంతో మంచిది కొనుక్కుంటుంది, ఇన్షా అల్లాహ్.

మరి ఆ 2,000 దేనికి? సోదరీ, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో అమ్మాయి ఉంది, మావారు ఉన్నారు, అబ్బాయి ఉన్నాడు. మీరు లేరు. అమ్మాయికి బండి వచ్చిన మరుసటి వారమే ఆమె వెనుక కూర్చుని బజారుకు, పెళ్ళికి, పుట్టింటికి వెళ్ళేది ఎవరు? మీరే కదా. మన ఇళ్ళలో బండి నడిపేవారికి హెల్మెట్ ఉంటుంది, వెనుక కూర్చున్న తల్లికి ఉండదు. పోలీసులు ఆపితే తల్లిని దింపి, కొంచెం ముందుకు వెళ్ళి మళ్ళీ ఎక్కించుకునే కొడుకులను మనం చూస్తూనే ఉన్నాము.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ మన దేశంలో మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది బండి నడిపినవారు కారు. వెనుక కూర్చున్నవారు. ఆ సంఖ్యలో ఎందరు తల్లులున్నారో, ఎందరు భార్యలున్నారో ఊహించుకోండి. వారికి ఏ తప్పూ లేదు, బ్రేకు వారి చేతిలో లేదు. వెనుక కూర్చున్న మనిషి ముందున్న ప్రమాదాన్ని చూడలేడు కూడా. కనుక ఆ 2,000 రూపాయలతో రెండవ హెల్మెట్ కొనండి, అది మీ తల కొలతకు. పైన చెప్పిన నాలుగు పరీక్షలు మీరు కూడా చేయించుకోండి. వెనుక ఎప్పుడో మరొకరు కూర్చోవచ్చుననుకున్నా కొలత మాత్రం మీదే ఉండాలి, ఎందుకంటే ఎక్కువసార్లు కూర్చునేది మీరు.

ఇంటివారితో చెప్పవలసినవి

మీ అబ్బాయికి: చెల్లెలికి మైదానంలో హెల్మెట్ ఎందుకన్న మాట వెనుక అతని సొంత అలవాటు ఏదైనా ఉందేమో మెల్లగా విచారించండి. అతని హెల్మెట్ తల మీద ఉంటుందా, బండి అద్దానికి వ్రేలాడుతుందా? రమజాన్‌లో ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు బండ్లు పోయే వేగం మనకు తెలియనిది కాదు. ఖర్జూరం రెండు నిమిషాలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు. అన్న హెల్మెట్ పెట్టుకుంటే చెల్లెలు పెట్టుకుంటుంది.

మీ వారికి: హెల్మెట్ ఒక్కటి చాలునన్న వారి మాట సగం నిజం. ప్రాణం నిలవడానికి హెల్మెట్ కావాలి. అమ్మాయి మరునాడు మళ్ళీ ధైర్యంగా శిక్షణకు వెళ్ళడానికి తక్కినవి కావాలి. మోకాలు చీరుకుపోయి, అరచేయి కట్టు కట్టించుకుని వచ్చిన ఆడపిల్లను మన ఇళ్ళు ఇక చాలు, ఆటోలోనే వెళ్ళు అంటాయి. ఆమె చదువు, ఉద్యోగం మళ్ళీ అర్ధరాత్రి రోడ్డు మీద ఆటో కోసం నిలబడతాయి. మీ డబ్బు చర్మాన్ని కాపాడుతుంది, దానితో పాటు ఆయన ఇచ్చిన అనుమతిని కూడా కాపాడుతుంది.

అమ్మాయికి: రోడ్డు మీదికి వచ్చే ముందు లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజుల తర్వాత పూర్తి లైసెన్సు పరీక్షకు వెళ్ళవచ్చు. ఇంట్లో పద్దెనిమిది నిండని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే బండి తాళం వారి చేతికి ఇవ్వకూడదు. మైనరు బండి నడిపితే సంరక్షకుడికి, బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా చట్టంలో ఉన్నాయి.

చివరగా, శిక్షణకు వారం ముందే అన్నీ కొని, ఇంటి వాకిట్లో రోజూ కాసేపు అన్నిటినీ ధరించి కూర్చోమనండి, నడవమనండి, వంగమనండి. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ జారుతుందో అప్పుడే తెలుస్తుంది. మార్చుకోవడానికి సమయం ఉంటుంది. కొన్న చీటీలు దాచండి. మొదటి రోజు బయలుదేరేటప్పుడు ప్రయాణపు దుఆ చదవమని చెప్పండి. ఆ తర్వాత గడ్డం క్రింద పట్టీ బిగించిందో లేదో మీ రెండు వేళ్ళతో మీరే చూడండి.

అల్లాహ్ మీ బిడ్డను, ఆమె వెనుక కూర్చునే మిమ్మల్ని క్షేమంగా గమ్యం చేర్చుగాక. ఆమీన్.